కరపత్రం చెత్తబుట్టలో పడిన తరువాత

ప్రశ్న: అమ్మా, నమస్కారం. చెన్నై అయనావరంలో ఒక చిన్న తెలుగు సంఘానికి నేను యవ్వనస్థుల కార్యదర్శిని. వయసు 31, బ్యాంకు ఉద్యోగం. మా సంఘంలో 60 కుటుంబాలున్నాయి. మూడేళ్లుగా డిసెంబరులో సువార్త సభలు జరుపుతున్నాం. పోయినసారి 5,000 కరపత్రాలు పంచాం, వీధి మొదట్లో పెద్ద బ్యానరు కట్టాం, విజయవాడ నుంచి ప్రసంగీకులను పిలిపించాం, బిర్యానీ పెట్టాం. బయటివారు వచ్చారు, తిన్నారు, వెళ్లారు. ఎదురు అపార్ట్‌మెంటువాళ్లు మైకు గురించి పోలీసులకు ఫోను చేశారు. ఒక పెద్దావిడ నేనిచ్చిన కరపత్రాన్ని నా కళ్లెదుటే చెత్తబుట్టలో వేసింది. మా చుట్టుపక్కలకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, శ్రీకాకుళం వైపు నుంచి కట్టడం పనులవాళ్లు కొత్తగా వస్తున్నారు. తెలుగువాళ్లే, అయినా మా చర్చి వాళ్లకు పట్టడం లేదు. పాటలు మార్చి బ్యాండు పెట్టాలా? చర్చి అని తెలియకుండా ఇంగ్లీషు పేరేదైనా పెట్టుకోవాలా? మీరు క్రైస్తవులు కారని తెలుసు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.
— ఒక కార్యదర్శి, అయనావరం

సమాధానం:

బాబూ, ఆ పెద్దావిడతోనే మొదలుపెడతాను. ఎందుకంటే ఆ పని ఒకప్పుడు నేనూ చేశాను.

1994లో మా నాన్నగారికి గొంతులో గడ్డ అని తేలితే నెల్లూరు నుంచి మద్రాసుకు తీసుకొచ్చాం. అప్పటికింకా ఊరి పేరు మారలేదు. ఆసుపత్రి వరండాలో మా అమ్మ, నేను ఒక చాప మీద పద్దెనిమిది రోజులు ఉన్నాం. రెండో రోజో మూడో రోజో తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి, మా నాన్నగారి మంచం పక్కన నిలబడి, "అయ్యా, ఈ రాత్రే మీరు చనిపోతే ఎక్కడికి వెళ్తారు?" అని అడిగాడు. మర్నాడు ఉదయం ఆపరేషను. నాన్నగారు మాట్లాడలేరు, గొంతుకు కట్టు ఉంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తెల్లచొక్కా ఆయన ఇచ్చిన కరపత్రాన్ని నేను ముక్కలు చేసి, ఆ మనిషి చూస్తుండగానే బుట్టలో వేశాను. అలా వేసినందుకు ఇప్పటికీ బాధ లేదు.

అదే వరండాలోకి బుధవారాలు, శనివారాలు ఇంకొకావిడ వచ్చేది. సన్నగా ఉండేది, నూలు చీర, చేతిలో గుడ్డ సంచి. బడిలో ఆయాగా పని చేస్తానని చెప్పింది. తెలుగావిడే. డాక్టరు తమిళంలో గబగబా చెప్పి వెళ్లిపోయేవాడు. నర్సు మందుల పొట్లాలు చేతిలో పెట్టి "వెరుం వయిరు" అనేది, "సాప్పాట్టుక్కు పిన్నాడి" అనేది. మా అమ్మ తల ఊపి, ఆ తరువాత నావైపు చూసేది. నాకూ తెలియదు. ఆ ఆయా ఒక్కో పొట్లం తీసుకుని, సంచిలోంచి పెన్సిలు ముక్క తీసి, గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసిచ్చేది: "పరగడుపున", "అన్నం తిన్నాక", "రాత్రి పడుకోబోయే ముందు". ఆ పొట్లాల్లో రెండు మా అమ్మ పూజగది సొరుగులో చాలా ఏళ్లు ఉన్నాయి. ఆవిడ ఏ చర్చికి వెళ్తుందో మేము అడిగితేనే చెప్పింది. మేము అడిగింది కూడా పదో రోజునో ఎప్పుడో. మా నాన్నగారు బతికినంతకాలం ప్రతి క్రిస్మసుకూ ఆ బడికి ఫోను చేసి ఆవిడను పిలిపించి మాట్లాడేవారు. క్రైస్తవుడు కాలేదు. కావాలని ఆవిడ అడగలేదు.

ఇది చెప్పి ఊరుకుంటే మీకు కోపం రావాలి. "అయితే మేము మా సందేశం చెప్పకూడదా? ఊరికే సేవ చేసి నోరు మూసుకోవాలా?" అని. కాదు. దాని దగ్గరికి వస్తాను.

ముందు మీ ఉత్తరం గురించి. స్థలం చాలక పైన కుదించి వేశాను. పూర్తి ఉత్తరం నాలుగు పేజీలు. అందులో కరపత్రాలెన్నో ఉంది, బ్యానరు కొలతలున్నాయి, బిర్యానీకి ఎన్ని కిలోల బియ్యం వండారో కూడా ఉంది. బ్యాంకువారు కదా, లెక్క బాగుంది. "బయటివారు" అనే మాట పదకొండుసార్లు వచ్చింది. ఆ బయటివారిలో ఒక్కరి పేరు మాత్రం లేదు. చెత్తబుట్టలో కాగితం వేసిన ఆవిడ మీ చర్చికి ఎన్ని ఇళ్ల అవతల ఉంటుంది? కొడుకు దగ్గర ఉంటుందా, ఒంటరిగానా? మీ సంఘం ఆ వీధిలో ఎన్నాళ్లుగా ఉందో రాశారు, 40 ఏళ్లట. నలభై ఏళ్లలో మీవాళ్లెవరూ ఆ గుమ్మంలో కాఫీ తాగలేదా?

ఇక మీరు జతచేసిన కరపత్రం. చదివాను, ఈసారి చింపలేదు. పైన పెద్ద అక్షరాల్లో "మీరు రక్షణ పొందారా?" అని ఉంది. బాబూ, మీ గేటు దాటి ఒక్క అడుగు బయటికి వస్తే రక్షణ అంటే పోలీసులు, రక్షణ మంత్రి, లేకపోతే మెట్రో పనుల చుట్టూ కట్టే రేకుల గోడ. "సహవాసానికి రండి" అన్నారు. మా ఇళ్లలో సహవాసం అనే మాట పిల్లవాడు పరీక్ష తప్పినప్పుడే వినిపిస్తుంది, దానికి ముందు "చెడు" తప్పనిసరి. "సాక్ష్యాలు ఉంటాయి" అంటే కోర్టు గుర్తొస్తుంది. "వాక్యం వినిపించబడును" అంటే కర్త, కర్మ, క్రియ. "విశ్వాసులు" అన్నచోట నాకైతే మా పెరటి కుక్క కళ్లు కనిపించాయి. తప్పుగా అనుకోకండి, అంతకంటే విశ్వాసం గల ప్రాణిని నేను చూడలేదు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయదగ్గవే. అడుగున ఉన్న ఒక్క వాక్యం మాత్రం అలా కాదు. "అన్యుల రక్షణ కొరకు మీ ప్రార్థనలు కోరుచున్నాము." అది మీవాళ్ల కోసం వేసిన వాక్యం, పొరపాటున వీధికి వెళ్లింది. ఎదురింటాయన దాన్ని కళ్లజోడు సర్దుకుని చదువుతాడు. ఐ.సి.ఎఫ్.లో ముప్పై ఏళ్లు రైలు పెట్టెలు తయారుచేసి, ఆ వీధిలోనే ఇల్లు కట్టుకుని, దానికి పన్ను కట్టుకుంటూ ఉన్న మనిషి. ఆయనకు తెలిసేది ఒక్కటే, తాను ఆ వీధిలో అన్యుడని. ఆ తరువాత మీరు బిర్యానీలో ఎన్ని లవంగాలు వేసినా లాభం లేదు.

ఆ మాటలను పారేయమని నేననడం లేదు. మీ బైబిలు తెలుగులో ఒక పాత కాలపు నడక ఉంది, నాకది ఇష్టం. "మారుమనస్సు" ఎంత చక్కటి మాట! మీ పాత కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. సంగీతం నేర్చుకున్న మా పక్కింటి మామ్మగారు అది చూసి, "వీళ్ల దగ్గర ముఖారి ఉందా!" అని ఆశ్చర్యపోయింది. లోపలి మాటలు లోపల ఉండనివ్వండి. వీధికి ఇచ్చే కాగితం మీద మాత్రం వీధి తెలుగు రాయండి. అచ్చుకు ఇచ్చే ముందు చర్చికి రాని ఒక తెలుగు మనిషికి చూపించి, "ఇందులో మీకేం అర్థమైంది?" అని అడగండి. మీకు నమూనా కావాలంటే ఇలా ఉండొచ్చు:

"ఈ వీధిలో 60 తెలుగు కుటుంబాల క్రైస్తవ సంఘం మాది. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఆరాధన. ఎవరైనా వచ్చి వెనక కూర్చోవచ్చు. పేరు, చిరునామా అడగం, కానుక పళ్లెం మీ దగ్గరికి రాదు. ఆసుపత్రిలో భాష రాక ఇబ్బంది పడుతుంటే ఈ నంబరుకు ఫోను చేయండి. చర్చికి రానవసరం లేదు."

ఐదువేలు అక్కర్లేదు. రెండు వందలు వేయించండి, ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ రెండు నిమిషాలు నిలబడి మాట్లాడండి.

మైకు సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఇందులో వాదనకు చోటు లేదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు కూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. పోలీసులకు ఫోను చేసింది మతద్వేషంతోనేనని మీ పెద్దలు అనుకుంటున్నట్టు రాశారు. మీ పెద్దలకు ఒక మాట గుర్తుచేయండి. ఈ విషయంపై దేశమంతా ఉదహరించే తీర్పు చెన్నైదే. మాధవరం హైరోడ్డు దగ్గర ఒక చర్చి మీద పక్క కాలనీ సంక్షేమ సంఘం వేసిన కేసు అది, మీకు ఆటోలో పావుగంట దూరం. 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు, ఇతరుల ప్రశాంతతను చెడగొడుతూ ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదనీ, మైకులు, డప్పులు మత హక్కు కిందికి రావనీ తేల్చింది. గుడి మైకుకూ అదే వర్తిస్తుంది, మసీదు మైకుకూ అదే. ఆడి మాసంలో మా వీధి అమ్మవారి గుడి మైకు గురించి నేనూ ఫిర్యాదు చేశాను, నన్నెవరూ క్రైస్తవురాలిని అనలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ సంఘం వీధికి ఎందుకు పనికొస్తుంది?

మీ దగ్గర ఉన్నదేమిటో మీకు తెలియడం లేదు. చెన్నైలో తెలుగు చదవగలిగి, తమిళం అనర్గళంగా మాట్లాడగలిగి, వారానికోసారి ఒకచోట తప్పనిసరిగా కలుసుకునే అరవై కుటుంబాలు! అలాంటిది ఏ తెలుగు సంఘానికి ఉంది? మావాళ్ల తెలుగు సంఘాలు ఉగాదికి ఒకసారి కలుస్తాయి, పచ్చడి తింటాయి, కవి సమ్మేళనంలో నిద్రపోతాయి.

సెంట్రల్ స్టేషనుకు ఎదురుగా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ముందు ఒక ఉదయం నిలబడి చూడండి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, ఒంగోలు వైపు నుంచి రైలు దిగి రోడ్డు దాటి వచ్చేవాళ్లు ఎంతమందో. ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి దగ్గరా అంతే, అడయారు క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరా అంతే. చేతిలో ఎక్స్‌రే కవరు, ప్లాస్టిక్ సంచిలో దుప్పటి. ఏ గదికి వెళ్లాలో తెలియదు, చీటీ మీద తమిళంలో రాసింది చదవలేరు. ఆపరేషనుకు రక్తం ఇవ్వడానికి మనుషులను తెమ్మంటే, ఊళ్లో ఎవరూ తెలియనివాళ్లు ఎవరిని తెస్తారు? మీ అరవై కుటుంబాల్లో రక్తం ఇవ్వగల వయసువారు వందమందైనా ఉంటారు. ఎవరి రక్తం ఏ గ్రూపో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నారా? ఈ ఆదివారం ఆరాధన తరువాత గంట చాలు, ఆ పుస్తకం తయారవుతుంది. అది మీ 5,000 కరపత్రాల కంటే చవక.

వారానికి ఇద్దరు చొప్పున, ఒక్క ఆసుపత్రిని ఎంచుకుని, అక్కడివాళ్ల అనుమతి తీసుకుని వెళ్లండి. తమిళం నుంచి తెలుగు, అంతే పని. పాస్టరుగారి చేత ఒక మాట అనిపించండి: మంచం దగ్గర కరపత్రం తీయకూడదు. రోగి తానుగా ప్రార్థన చేయమంటే చేయండి, దాని కోసమే కదా మీరున్నది, సిగ్గుపడకండి. అడగకపోతే వద్దు. మంచం మీద ఉన్న మనిషి లేచి వెళ్లిపోలేడు. లేచి వెళ్లలేనివాడికి ఉపన్యాసం ఇవ్వడం, మా నాన్నగారి మంచం దగ్గర తెల్లచొక్కా ఆయన చేసిన పని.

రెండోది పిల్లలు. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక పదో తరగతి వరకు తమిళం తప్పనిసరి అయింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీల పిల్లలను ఏ నాలుగో తరగతిలోనో చేరిస్తే, అక్షరం ముక్క అర్థం కాక వెనక బల్ల మీద కూర్చుంటారు, కొన్నాళ్లకు బడి మానేసి తమ్ముణ్ణి ఎత్తుకుని పని జరిగే చోట తిరుగుతుంటారు. ఎదురు అపార్ట్‌మెంటులో పిల్లలది ఇంకో అవస్థ. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అమ్మమ్మ ఉత్తరం రాస్తే చదవలేరు. మీ సండే స్కూలు టీచర్లకు రెండు భాషలూ వచ్చు, మీ హాలు వారానికి ఆరు రోజులు తాళం వేసి ఉంటుంది. సాయంత్రం గంటన్నర కూలీల పిల్లలకు తమిళం, శనివారం అపార్ట్‌మెంటు పిల్లలకు తెలుగు. అందులో బైబిలు కథలు కలపకండి. కలపాలనిపిస్తే అది ఆదివారం సండే స్కూలు అవుతుంది, అలా అని తల్లిదండ్రులకు ముందే చెప్పి, వాళ్లు సరేనంటేనే పిలవండి. చిన్నపిల్లల విషయంలో తల్లిదండ్రులకు తెలియకుండా ఏదీ వద్దు. ఒక్కసారి ఆ నమ్మకం పోతే మళ్లీ నలభై ఏళ్లు పడుతుంది.

ఇక్కడ మీ సంఘంలో ఎవరో ఒకరు లేచి, "మరి ఆత్మల సంపాదన ఎప్పుడు?" అని అడుగుతారు. నాకు తెలుసు, నా స్నేహితుల్లో సంఘ పెద్దలున్నారు. ఆయనకు మీ చరిత్రలోంచే ఒకటి చెప్పండి.

మన బకింగ్‌హామ్ కాలువ ఉంది కదా, మైలాపూరు దగ్గర రైలు వంతెన స్తంభాల కింద నల్లగా, ముక్కు మూసుకునేలా పారుతుంది. అదే కాలువ ఉత్తరంగా నెల్లూరు, ప్రకాశం తీరం వెంట పెదగంజాం వరకు వెళ్తుంది. 1876 నుంచి 78 వరకు దక్షిణదేశాన్ని పీల్చేసిన కరువులో ఆ కాలువ పని జరుగుతోంది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర అందులో మూడు మైళ్లకు పైగా తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు పని సాగినన్నాళ్లూ, ఏడాదికి పైగా, కొత్తవాళ్లను చేర్చుకోలేదు. అన్నం కోసం వస్తున్నారో, మనసుతో వస్తున్నారో తేలనప్పుడు చేర్చుకోకూడదని ఆయన లెక్క. సహాయం ఆగిపోయి, ఇచ్చేందుకు ఆయన దగ్గర ఏమీ లేని రోజున కూడా అడిగినవాళ్లకే ఇచ్చాడు. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది అని మీవాళ్లు గర్వంగా చెప్పుకునే లెక్క ఉంది చూడండి, అది అదే. మీ ప్రసంగీకులు ఆ అంకె చెబుతారు. దాని ముందు నడిచిన ఆ ఏడాదిని మాత్రం ఎగరగొట్టేస్తారు.

క్లౌ దొర చేసినవన్నీ నాకు నచ్చాయని కాదు. కానీ తానిచ్చే గింజకు గాలం కట్టకూడదని ఆయనకు తెలుసు. మీ బిర్యానీకి గాలం ఉంది బాబూ. వచ్చినవాళ్లకూ అది తెలుసు, అందుకే ఎర తిని జారుకున్నారు. చేపలు తెలివైనవి.

ఇంతకీ మీ సందేశం. దాచుకోమని నేను అనడం లేదు. మత ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలోనే ఉంది. ఎదుటి మనిషిని మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెంటి మధ్య ఉన్న చోటు చిన్నదేమీ కాదు. సువార్త సభ పెడితే సువార్త సభ అనే బోర్డు పెట్టండి, ఇష్టమున్నవాళ్లు వస్తారు. వైద్య శిబిరం పెడితే అది వైద్య శిబిరంగానే మొదలై, వైద్య శిబిరంగానే ముగియాలి. చర్చి అని తెలియకుండా ఇంగ్లీషు పేరు పెట్టుకోవాలా అన్నారు. అస్సలు వద్దు. లోపలికి వచ్చాక సంగతి తెలిసినవాడికి కలిగే కోపం, బోర్డు చూసి రానివాడికి ఉండదు. ఎవరైనా "మీరు ఎందుకు ఇదంతా చేస్తున్నారు?" అని అడిగితే తప్పించుకోకుండా చెప్పండి, "యేసు ప్రభువు చెప్పాడు కాబట్టి" అని. అడిగినవాడు వింటాడు. మా అమ్మ విన్నది. ఆ ఆయా చెబుతుంటే అరగంట సేపు కదలకుండా విని, చివరికి "మా రాముడూ అంతేనమ్మా" అంది. ఆయా నవ్వింది, వాదించలేదు. అది ఓటమి అని ఆవిడ అనుకున్నట్టు నాకు కనిపించలేదు.

ఒక్క విషయంలో మాత్రం కాస్త కఠినంగా ఉంటాను. మీ బ్యానరులో "క్యాన్సర్, షుగరు, మూర్ఛ — స్వస్థత" అని ఉంది. మంత్రతంత్రాలతో, తాయెత్తులతో ఇలాంటి జబ్బులు నయమవుతాయని ప్రకటించడం 1954 నాటి ఒక చట్టం ప్రకారం నేరం. ప్రార్థన దాని కిందికి వస్తుందో రాదో వకీళ్లు తేల్చుకుంటారు. నా బాధ వేరే. ఆ బ్యానరు చూసి ఒక్క తల్లి బిడ్డకు మూర్ఛ మాత్రలు ఆపేస్తే ఆ లెక్క ఎవరి పుస్తకంలో రాస్తారు? ప్రార్థించండి. "మందులు మానకండి" అని అదే మైకులో, అదే గొంతుతో చెప్పండి.

ఇంకొకటి, మీవాళ్లు పైకి మాట్లాడనిది. వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవాళ్లలో కొందరు రిజిస్టరులో పేరు రాయించుకోరు. వాళ్లను పిరికివాళ్లంటూ వేదిక మీద నుంచి ఎత్తిపొడవకండి. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ గుర్తింపు మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వచ్చింది. క్రైస్తవులకు లేదు. మతం మారినట్టు కాగితం మీదికి ఎక్కితే తమిళనాడులో బీసీ, ఆంధ్రలో బీసీ-సి. పారిశుద్ధ్య పనిలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో. వాళ్ల పిల్లకు ఇంజనీరింగు సీటు ఆ ఎస్సీ ధ్రువపత్రం మీదే వస్తుంది. మీ రిజిస్టరు అంకె పెరగడానికి ఆ పిల్ల సీటు వదులుకోవాలని అడిగే అర్హత మనలో ఎవరికుంది?

పాటలు, బ్యాండు గురించి అడిగారు. మీ ఇష్టం. ఆగస్టు 29న బీసెంట్ నగర్ వేళాంగణ్ణి మాత గుడిలో జెండా ఎక్కిస్తారు. కాషాయ బట్టలు కట్టుకుని ఎక్కడెక్కడి నుంచో కాలినడకన వస్తారు, వాళ్లలో హిందువులు ఎందరో. మీ సంఘంవారికి మాత గుడి నచ్చదని నాకు తెలుసు, మొహం ముడవకండి. వాళ్లు బ్యాండు బాగుందని రావడం లేదు. బిడ్డ పుట్టాలనో, పుట్టిన బిడ్డ బతకాలనో వస్తున్నారు. అక్కడ ఎవరూ వాళ్లను ఏమీ అడగడం లేదు.

మనిషిని మీరు లోపలికి తేగలరు సరే, వచ్చాక ఏం జరుగుతుంది? నా స్నేహితురాలి కూతురు పెరుంగుడిలో ఉద్యోగం చేస్తుంది. క్రైస్తవ కుటుంబం కాదు, ఎవరో పిలిస్తే ఒక తెలుగు చర్చికి వెళ్లింది. పాటలు నచ్చాయట, నెమ్మదిగా అనిపించిందట. బయటికొస్తుంటే స్త్రీల సమాజం పెద్దమ్మలు చుట్టుముట్టారు. మొదటి ప్రశ్న, ఏ ఊరమ్మా. రెండోది, ఇంటిపేరేమిటి. మూడోది, "అంటే మీరు…?" అని సగంలో ఆపి కనుబొమలు ఎత్తారు. ఆ సగం ప్రశ్న ఏమిటో తెలుగు తెలిసినవాళ్లందరికీ తెలుసు. కులం లేదని పాడిన నోటితోనే, పది నిమిషాలు గడవకముందే. ఆ పిల్ల మళ్లీ వెళ్లలేదు. మీ సంఘంలో కొత్తవాళ్లను ఆహ్వానించే బాధ్యత ఎవరిదో నాకు తెలియదు గానీ, వాళ్లకు ముందుగా నేర్పాల్సింది ఏమి అడగకూడదో.

డిసెంబరుకు ఇంకా సమయం ఉంది. క్యారల్స్‌కు వెళ్లేటప్పుడు ఎదురు అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిని ముందే కలిసి, "ఏ రోజు రావాలి, ఎన్ని గంటలకు, వద్దన్న ఇళ్లేవి?" అని అడిగి రాసుకోండి. వద్దన్న ఇంటి ముందు పాడకండి, తలుపు కొట్టకండి, అరిసెల పొట్లం వాచ్‌మన్ దగ్గర పెట్టి రండి. బిర్యానీ డబ్బులు మిగిలితే కూలీల పిల్లలకు తమిళం పలకలు, పుస్తకాలు కొనండి.

అంతకంటే ముందు, ఈ వారంలోనే, ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లండి. చేతిలో ఏ కాగితమూ వద్దు, బైబిలు సంచీ వద్దు. వీలైతే మీ అమ్మగారిని వెంట తీసుకెళ్లండి, ఆడవాళ్లుంటే తలుపు సులువుగా తెరుచుకుంటుంది. కరపత్రం ఊసెత్తకండి. "పోయిన డిసెంబరులో మా మైకు వల్ల మీకు నిద్ర పట్టలేదేమో, ఈసారి ఎన్నింటికి ఆపమంటారు?" అని అడగండి. ఆవిడ ఏ సమయం చెప్పిందో నాకు రాయండి.